డబ్బాలు కనిపిస్తున్నా ఎన్‌డీ 1000 ఎందుకు అమ్మడం లేదంటే

మా కెమెరా షాపులో పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టరు అడిగితే లేదంటున్నారు, అద్దాల బీరువాలో డబ్బాలు మాత్రం కనిపిస్తున్నాయి, ఇదేంటని కొందరు కస్టమర్లు నిలదీశారు. అడగాల్సిన మాటే. (ఎన్‌డీ అంటే వెలుతురు తగ్గించడానికి లెన్సు ముందు బిగించే నల్ల గాజు. ఒక్కో స్టాపూ వెలుతురుని సగం చేస్తుంది, పది స్టాపులంటే దాదాపు వెయ్యో వంతు, అదే ఎన్‌డీ 1000.) డబ్బాలు ఉన్నాయి, కావాలనే అమ్మడం లేదు.

ఎప్పుడూ సరుకు పంపే డిస్ట్రిబ్యూటరే ఈసారి అదే డబ్బాలో, అదే లేబుల్‌తో వేరే గాజు పంపాడు. చేత్తో పట్టుకుని చూస్తే తేడా తెలీదు. కెమెరాకి పెట్టి ఎండలో తీస్తేనే బయటపడుతుంది: సముద్రం, ఆకాశం బాగానే వస్తాయి, మన విశాఖ కైలాసగిరి మీద చెట్లు మాత్రం ఎండిపోయినట్టు గోధుమరంగులోకి తిరుగుతాయి. నల్ల గొడుగు వంకాయ రంగులో వస్తుంది. కంటికి కనిపించే వెలుతురుని ఈ గాజు వెయ్యో వంతుకి తగ్గిస్తోంది కానీ, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కిరణాల్ని అంతగా ఆపడం లేదు. కెమెరాలో సెన్సరు ముందు ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే గాజు ఉంటుంది, మామూలు ఫొటోకి అది సరిపోతుంది. ఎక్స్‌పోజరు, అంటే సెన్సరు మీద వెలుతురు పడే సమయం, వెయ్యి రెట్లు పెరిగేసరికి, అది వదిలేసే ఆ కాస్తా పోగుపడి రంగుని పాడుచేస్తుంది. ఒక్కో వస్తువు ఇన్‌ఫ్రారెడ్‌ని ఒక్కోలా తిప్పికొడుతుంది కాబట్టి ఫొటో మొత్తం రంగుని సర్దే వైట్ బ్యాలెన్స్ మార్చినా లాభం లేదు. చెట్లు సరిచేస్తే సముద్రం చెడుతుంది.

ఫోన్ చేసి చెబితే డిస్ట్రిబ్యూటరు అన్న మాట: "ఈ రేటుకి ఇంతే సార్, కంప్యూటర్లో సరిచేసుకుంటారు. మీ ఊళ్లో ఇంత చూసేదెవరు?" ఆ మాట ఇంకా మింగుడుపడటం లేదు. తెల్లారకముందే ట్రైపాడ్ భుజాన వేసుకుని తెన్నేటి పార్కు రాళ్ల మీదకి దిగేవాళ్లున్న ఊరు ఇది. మా కస్టమర్లు చూస్తారు. సీలు తీశామన్న వంకతో అతను వెనక్కి తీసుకోలేదు. అతని దగ్గర ఇక సరుకు కొనం.

మరి ఈ డబ్బాలేం చేయాలి? దీని మీదే చాలా తర్జనభర్జన పడ్డాం. బ్లాక్ అండ్ వైట్ తీసేవాళ్లకి రంగుతో పేచీ ఉండదు, ఆ సంగతి చెప్పి సగం ధరకి ఇవ్వొచ్చు కదా అన్నది ఒక ఆలోచన. కానీ కొన్నాయన రేపు ఇంకొకరికి అమ్ముతాడు, ఆ రెండో మనిషికి ఈ సంగతి ఎవరు చెబుతారు? మీద ఉన్నది మా స్టిక్కరే. పైగా రింగు మరలు గరుకుగా ఉన్నాయి, ఉప్పుగాలికి లెన్సుకి పట్టేస్తాయి. అందుకే సగం ధరకీ ఇవ్వం, ఊరికే కూడా ఇవ్వం. నష్టం మేమే పెట్టుకుంటాం.

ఈ సరుకులోది ఇప్పటికే మీ దగ్గర ఉందేమో ఇంట్లోనే చూసుకోవచ్చు. ఎండలో నల్ల గొడుగుని, పచ్చని మొక్కని పక్కపక్కన పెట్టండి. ముందు ఫోకస్ చేసి మాన్యువల్‌కి మార్చండి, ఆ తర్వాతే ఫిల్టరు బిగించండి. డీఎస్ఎల్ఆర్ అయితే వ్యూఫైండరు మూసేయండి, వెనకనుంచి వెలుతురు దూరినా రంగు చెడినట్టే కనిపిస్తుంది. గొడుగు ఊదాగానో గోధుమగానో వస్తే ఫిల్టరు పట్టుకొచ్చేయండి. బిల్లు లేకపోయినా, గీతలు పడినా పూర్తి డబ్బు వెనక్కిస్తాం. లెన్సుకి పట్టేసి ఉంటే పట్టకారు వాడొద్దు. అంచు చుట్టూ వెడల్పాటి రబ్బరు బ్యాండు వేసి, నొక్కకుండా మెల్లగా తిప్పండి. రాకపోతే లెన్సుతో సహా తెండి.

కొత్త సరుకు కాస్త ఖరీదే. ఇకమీదట ప్రతి ఫిల్టరూ మీ కెమెరాకే పెట్టి చూపించాకే బిల్లు. గోడని ఫిల్టరు లేకుండా 1/60 సెకనుకి, ఫిల్టరుతో దానికి దాదాపు వెయ్యి రెట్లు, 16 సెకన్లకి తీస్తాం. రెండు హిస్టోగ్రాములూ (ఫొటోలో వెలుగునీడల్ని చూపే గ్రాఫులు, ఎడమ వైపు చీకటి) దాదాపు ఒకేచోట ఉండాలి. రెండోది బాగా ఎడమకి జరిగితే అది పది స్టాపులు కాదు, ఇంకా ముదురు.

బడ్జెట్ తక్కువైతే పది స్టాపులది కాదు, ఆరు స్టాపులది, అంటే ఎన్‌డీ 64 ముందు కొనండి. మనది తూర్పు తీరం, తీసేది ఎక్కువగా సూర్యోదయమే. ఆ వేళ ఐఎస్ఓ 100, ఎఫ్ 11 దగ్గర 1/8 సెకను వస్తుందనుకోండి, ఆరు స్టాపులతో 8 సెకన్లవుతుంది. పది స్టాపులతో రెండు నిమిషాలు దాటుతుంది, షట్టరుని మనకి కావలసినంతసేపు తెరిచి ఉంచే బల్బ్ మోడ్, రిమోటు కావాలి. వెనక్కి జారే అల గీతలు కావాలంటే సెకను, రెండు సెకన్లే చాలు. కటికి జలపాతానికైతే నీడ పట్టున సీపీఎల్ (పోలరైజర్ ఫిల్టరు) ఒక్కటే సరిపోతుంది, దానికోసం ఎన్‌డీ కొనకండి.

తిప్పుతూ ముదురు మార్చుకునే వేరియబుల్ ఎన్‌డీ వీడియో వాళ్లకే ఇస్తాం. అది రెండు పోలరైజర్ల జోడీ. వైడ్ లెన్సుతో చివరిదాకా తిప్పితే ఫొటో మీద ఇంటూ మార్కులా నల్ల చార పడుతుంది.

ప్రతి లెన్సుకీ విడిగా కొనక్కర్లేదు. 77 ఎంఎం వ్యాసం ఉన్న ఫిల్టరు ఒకటి తీసుకుని, చిన్న లెన్సుకి పెద్ద ఫిల్టరు పట్టించే స్టెప్ అప్ రింగు 52కో 58కో వేసుకోండి, లెన్సు హుడ్ మాత్రం పట్టదు. సైజు, లెన్సు ముందు అంచు మీద అడ్డగీత కొట్టిన సున్నా పక్కన ఉంటుంది. ఆ అంకె చూసుకుని రండి, లేదా లెన్సే తెచ్చేయండి.