తాటాకుల ఫోటోలు అందరికీ తెరవండి

చెన్నై ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం అధికారి గారికి,

నమస్కారం. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి బొగ్గైపోయిన ఇటలీలోని హెర్క్యులేనియం ఊరి పాపిరస్ గ్రంథాల చుట్టల్ని విప్పకుండానే స్కాన్ చేసి, ఏఐతో సిరా జాడ పట్టి 2023లో చదవడం మొదలుపెట్టారు.

మన తాటాకు గ్రంథాల్నీ ఏఐతో చదివించొచ్చు కానీ, వాటిది వేరే తంటా. గంటం గీతలో మసి రాలిపోతే అక్షరం ఆకు రంగులో కలిసిపోతుంది. పురుగు తొలిచిన చిల్లు సున్నాలా కనిపిస్తుంది. పదాల మధ్య ఖాళీ ఉండదు. వలపలగిలక (‘ర్’కి బదులు అక్షరం పక్కన పెట్టే పాత గుర్తు) ఎదురైతే ఇప్పటివాళ్లకి టెన్షనే!

ఏఐకి ఇవన్నీ నేర్పాలంటే పక్కవాటు వెలుతురులో తీసిన ఫోటోలు, తెలిసినవాళ్లు రాసిచ్చిన పాఠం కావాలి. ఆ ఫోటోలు అందరికీ తెరవండి; మీ దగ్గరున్న, మెకంజీ, బ్రౌన్ దొరలు సేకరించిన ప్రతులతోనే మొదలుపెట్టండి. సరిచూడటానికి ఇక్కడి తెలుగువాళ్లం వస్తాం. గ్రంథపాతం (అక్షరాలు పోయిన ఖాళీ) ఉన్నచోట మిషన్ ఊహించిన అక్షరాన్ని మాత్రం వేరే రంగులో చూపించాలి. యతి, గణాలు కుదిరాయి కదా అని అది కవి మాటే అనుకుంటే కొంప మునుగుతుంది.

ఇట్లు,
మైలాపూరు నుంచి ఒక పాఠకుడు