ప్యాకేజీ ఎంతో రాశారు, చేతికి వచ్చేదెంత?

సంపాదకులకు నమస్కారం.

గత వారం జిల్లా పేజీలో మన ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాల ఒకదాని ప్రాంగణ నియామకాల వార్త సగం పేజీ వేశారు. ఒకే ఒక్క విద్యార్థికి వచ్చిన భారీ ప్యాకేజీ శీర్షికకెక్కింది. మిగతావాళ్లకు ఎంతెంత వచ్చిందో చివరి వరకూ వెతికాను, ఎక్కడా లేదు. ఛైర్మన్ గారి ప్రసంగానికి మాత్రం చోటు సరిపోయింది. ఇప్పుడు అదే ఫొటో ఫ్లెక్సీగా మారి అదాలత్ కూడలిలో వచ్చే బస్సు కనబడకుండా అడ్డం నిలబడింది. దానికి అనుమతి ఉందా అని నగరపాలక సంస్థను అడిగే ఓపిక నాకు లేదు.

వరంగల్‌లోని కేంద్ర ప్రభుత్వ ఇంజనీరింగ్ సంస్థ నిట్ పిల్లలకు పెద్ద జీతాలు వస్తే ఊరంతా సంతోషిస్తుంది. 1959 నుంచి నిలబెట్టుకున్న పేరు అది. దాని నీడలో కూర్చుని అడ్మిషన్ల కాలంలో ప్రతివాళ్లూ లక్షలు వల్లిస్తుంటేనే ఒళ్లు మండుతుంది.

బ్యాంకులో విద్యారుణాల బల్ల దగ్గర చాలాకాలం కూర్చున్నవాణ్ని. లెక్కలు చూడని సంతోషం నాకు మింగుడుపడదు. మొన్న మా వీధి అమ్మాయి ఒకరు ఆఫర్ లెటర్ తెచ్చి చూపించింది. ఏడాదికి 3,36,000 రూపాయలు. అంటే నెలకు 28 వేలని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. వెనక పేజీలో, చిన్న అక్షరాల్లో అసలు పట్టిక ఉంది. పనితీరు నచ్చితే ఇచ్చే వేరియబుల్ పే 2,000, కంపెనీ వాటా పీఎఫ్ 1,800, ఐదేళ్లు నిండితే గానీ చేతికి రాని గ్రాట్యుటీ 722, ఆరోగ్య బీమాకు నాలుగు వందల చిల్లర. ఇవన్నీ ఆ 28 వేలలోనివే! మిగిలినదాంట్లో అమ్మాయి వాటా పీఎఫ్ మరో 1,800, వృత్తి పన్ను 200 పోగా ఖాతాలో పడేది 21 వేలు. గచ్చిబౌలిలో నలుగురు సర్దుకునే హాస్టల్ గదిలో ఒక మంచానికే ఎనిమిది వేలు. నాలుగు లక్షల విద్యారుణానికి పదేళ్ల కిస్తీ ఐదు వేల పైమాటే. మిగిలేదెంతో మీరే తీసివేసి చూడండి.

మా పెద్దబ్బాయి 2012లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరినప్పుడు కూడా ఏడాదికి ఇదే మూడు లక్షల పైచిలుకు. అప్పుడు తులం బంగారం ముప్పై వేల చిల్లర, ఇప్పుడు లక్ష దాటింది. కదలనిది కొత్తగా చేరేవాడి జీతం ఒక్కటే.

ఆ జీతమైనా చెప్పిన రోజుకు మొదలవుతుందా? 2022లో ఎంపిక చేసిన పిల్లల్ని ఒక పేరున్న కంపెనీ రెండేళ్లు ఇంట్లో కూర్చోబెట్టిన సంగతి పత్రికలన్నీ రాశాయి. చదువు ముగిసిన ఏడాదికి బ్యాంకు కిస్తీ మొదలవుతుంది. కంపెనీ పిలిచిందా లేదా అని బ్యాంకు ఆగదు.

వార్త పక్కనే నిపుణుల సలహా అచ్చేశారు, నైపుణ్యాలు పెంచుకోవాలట! ఏ నైపుణ్యమో చెప్పడానికి మాత్రం చోటు చాలినట్టు లేదు. మా అబ్బాయి కొత్తవాళ్లకు చెప్పేది ఇంతకన్నా పనికొస్తుంది. మరో సర్టిఫికెట్ కోసం అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఫీజు కట్టే ముందు, ఎంత చిన్నదైనా సరే, సొంతంగా ఒక ప్రోగ్రాం రాసి నడిపించాలి. అందులో ప్రతి వరుసా ఎందుకు రాశారో చెప్పగలగాలి. ఇంటర్వ్యూలో తడబడేది అక్కడేనట. మొదటి రెండేళ్లు వెయ్యి ఎక్కువా తక్కువా అని కాకుండా, రాసిన కోడ్ చూసి తప్పు దిద్దే సీనియర్ ఉన్న జట్టులో పడ్డామా అని చూసుకోవాలట. దీనికి నేను చేర్చేది ఇంతే. చేతికి వచ్చే జీతం, చేరే తేదీ, మధ్యలో మానేస్తే బాండు కింద ఎంత కట్టాలో కాగితం మీద రాయించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ అప్పగించకండి. ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు అడిగేవాణ్ని గడప తొక్కనివ్వకండి.

సర్టిఫికెట్లంటే గుర్తొచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ప్రభుత్వం విడుదల చేయదు, అవి వస్తే గానీ కళాశాల సర్టిఫికెట్లు ఇవ్వదు, అవి చూపిస్తే గానీ కంపెనీ చేర్చుకోదు. ఈ ముగ్గురి మధ్య నలిగేది పిల్లలు. 2020 జనవరిలో మన ఊరి పక్కన మడికొండలో ఐటీ కంపెనీలు తెరిచినప్పుడు, అదే ఏడాది కరీంనగర్‌లో ఐటీ టవర్, 2023లో నిజామాబాద్‌లో ఐటీ హబ్ ప్రారంభించినప్పుడు మన పిల్లలకు ఇక ఇక్కడే కొలువులన్నారు. ఆదివారం సాయంత్రం కాజీపేట స్టేషన్‌కు వెళ్లి చూడండి, ల్యాప్‌టాప్ సంచులు వీపున వేసుకుని సికింద్రాబాద్ రైలు కోసం ఎంతమంది నిలబడి ఉంటారో. ప్రభుత్వం మారింది, శిలాఫలకాలు మాత్రం చెక్కుచెదరలేదు.

అయ్యా, ఇకమీదట ఇలాంటి వార్త వేసేటప్పుడు ఎంతమంది చేరారు, ఎప్పుడు చేరారు, నెలకు చేతికెంత అని కళాశాలను అడిగి ఫొటో కింద రెండు వరుసలు వేయండి. చెప్పకపోతే ఆ వార్తను ప్రకటనల విభాగానికి పంపండి. పత్రికకు డబ్బులైనా వస్తాయి.

– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, సుబేదారి, హనుమకొండ