సూరీ, ఇది నీకు చెప్పాల్సిందే

శ్రీకాకుళం
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సూరీ,

ఆలస్యమైంది, కోప్పడకు. పదో తరగతి పరీక్షల హడావిడిలో ఊపిరి సలపలేదు. అమ్మ కులాసా. పాప జ్వరం తగ్గింది. కవిటిలో మీ తోట కాపు బాగుందని మామయ్య కబురు పంపాడు. ఏడో జీడిచెట్టు ఇంకా నిలబడే ఉందట, నువ్వు చేసిన ప్రమాణం ఇప్పటికీ చెల్లుతుంది! మిగతావన్నీ ఫోనులో చెబుతాను. ఇదొక్కటి మాత్రం కాగితం మీదే చెప్పాలి.

నాన్న పోయినప్పటి నుంచీ నా బుర్రలో తిరిగే ఆలోచన నీకు తెలుసు. నడుం లాగితే కిడ్నీ. కాళ్ళు కాస్త ఉబ్బినట్టుంటే కిడ్నీ. ఉదయం మూత్రంలో నురగ కనిపించిందా, ఆ రోజు నోరు పాఠం చెబుతున్నా మనసు ఆసుపత్రిలోనే. ఉద్దానంలో పుట్టినవాడికి ఈ భయం ఊరికే రాదు కదా. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, ఎటు చూసినా డయాలసిస్‌కి తిరిగే మనిషి పక్కింట్లోనే ఉంటాడు. నీళ్ళా, మట్టా, ఎండలో చాకిరీనా? ఇంత పరిశోధన జరిగినా కారణం ఇదీ అని తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో పెద్ద ఆసుపత్రి తెరిచారు, హిరమండలం నుంచి మంచినీళ్ళూ తెచ్చారు. సంతోషమే. కానీ రాత్రి రెండు గంటలకు మెలకువ వస్తే ఇవేవీ గుర్తుకు రావురా, డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి నాన్న చేతికి పెట్టిన ఫిస్టులా ఒక్కటే గుర్తొస్తుంది.

పరీక్ష చేయించుకున్నాను. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో 0.9, మూత్రంలో ప్రొటీన్ లేదు. ఏడాదికోసారి చూసుకుంటే చాలన్నారు డాక్టరుగారు. ఆ నిశ్చింత ఏడు రోడ్ల కూడలి దాటేదాకా ఉంది. శాంపిల్ మారిపోయి ఉంటే? ఇంకో ల్యాబుకి వెళ్ళాను. అక్కడ 1.0 వచ్చింది. ఆ రెండు అంకెల మధ్య నాకు తెల్లవార్లూ నిద్ర లేదు! ల్యాబుకీ ల్యాబుకీ ఆ మాత్రం తేడా మామూలేనని తెలుసు. అయినా 'పెరిగింది, పెరిగింది' అని ఒకటే గోల.

ఆ రాత్రే 14416కి ఫోను చేశాను. మనసు బాధలు చెప్పుకునే ఫోను సేవ, టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పలుకుతారు, పైసా ఖర్చు లేదు, మన తెలుగులోనే మాట్లాడతారు. అవతల ఒకావిడ. గొంతులో తొందర లేదు. నేను 0.9, 1.0 అని చెప్పుకుపోతుంటే ఎక్కడా అడ్డు రాలేదు. అంతా విని ఒక్కటే అడిగింది: "ఇంకో రిపోర్టు బాగా వస్తే ఎంతసేపు ప్రశాంతంగా ఉంటారండీ?"

సూరీ, నాకు నోట మాట రాలేదు.

కిడ్నీల సంగతి డాక్టరు చెప్పినట్టే ఏడాదికోసారి చూసుకోమంది. ఈ మధ్యలో భయం తీర్చుకోవడానికి చేయించే ప్రతి పరీక్షా భయానికి మేత వేయడమేనట. ఉపశమనం వస్తుంది, పోతుంది, మళ్ళీ కావాలనిపిస్తుంది. ఆలోచనను తోసేయవద్దనీ చెప్పింది. అది వినగానే బీఎడ్‌లో చదివిన మనస్తత్వ శాస్త్రవేత్త వెగ్నర్ ప్రయోగం గుర్తొచ్చింది. 1987 నాటిది. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించకండి, ఆలోచన వస్తే గంట కొట్టండి అన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. మరునాడు తొమ్మిదో తరగతిలో చేయించాను, గంట బదులు బల్ల మీద తట్టమని. గది దద్దరిల్లిపోయింది! పక్క తరగతి మాస్టారు పరుగెత్తుకొచ్చారు. ఒక పిల్ల మాత్రం తట్టలేదు. ఏమ్మా అంటే "నేను ఎలుగుబంటికి పేరు పెట్టుకుంటున్నాను సార్" అంది. ఆ పిల్ల మాట మీద ఇంకా ఆలోచిస్తున్నాను, ఏదో ఉంది అందులో...

సరే, ఆవిడ చెప్పిన ఉపాయం ఇది. రోజూ సాయంత్రం ఒక అరగంట ఈ భయానికే కేటాయించాలి. ఒకే సమయం, ఒకే చోటు, పడక మీద మాత్రం కాదు. మిగతా వేళల్లో ఆలోచన వస్తే నోటుబుక్కులో ఒక ముక్క రాసి 'సాయంత్రం చూద్దాం' అనుకోవాలి. నేను నాగావళి గట్టు మీద కూర్చుంటాను. నిన్నటి పేజీలో రాత్రి చీకట్లో గీకిన అక్షరాలు, 'నురగ. ఎక్కువగా ఉంది' అని. దాని కింద వెలుతురులో కూర్చుని రాశాను: 'ధార వేగంగా పడినా నురగ వస్తుంది. ప్రొటీన్ లేదన్నారు. తర్వాతి పరీక్ష జనవరిలో.' అంతే, ఇంక రాయడానికి ఏమీ దొరకలేదు. అరగంటలో సగం అలాగే మిగిలిపోయింది, పడవలు చూస్తూ కూర్చున్నాను.

ఆలోచన పోయిందని చెప్పను. వస్తుంది. కొన్ని రాత్రులు గట్టిగానే వస్తుంది. కానీ దాని వెంటపడి తెల్లవారేదాకా పోవడం లేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నువ్వూ నిద్రపోవడం లేదని చెల్లెమ్మ ఫోనులో ఏడ్చింది. చెన్నైలో ప్రతి నెలా కిడ్నీల కోసం రక్త పరీక్ష చేయించుకుంటున్నావట. నాకు ఒక్క మాటైనా చెప్పలేదేమిరా? మీ అన్నయ్యని అలా చూసినవాడివి, నీ భయం నాకు తెలియదా? ఆ నంబరు అక్కడా పనిచేస్తుంది, తెలుగు అని ఎంచుకో. నిద్ర, తిండి మరీ పోతే మానసిక వైద్యుడిని కలువు, నేనే వచ్చి తీసుకెళ్తాను. ఇంకొకటి, గట్టు మీద మొన్న ఎవరు కనిపించారో తెలుసా? మన సోంపేట బస్సు హీరో! వాడు ఏమన్నాడంటే...

మామయ్య కొడుకు వచ్చేశాడు, బండికి వేళైందని గుమ్మంలో గొడవ చేస్తున్నాడు. ఉత్తరం, జీడిపప్పు వాడి చేతికే ఇస్తున్నాను. పొట్లం అడుగున ఖాళీ నోటుబుక్కు పెట్టాను, అది నీకే. అందగానే ఫోను చెయ్యి, ఎంత రాత్రైనా సరే.

నీ
రాంబాబు