తార్నాక మెట్రో కింద నుంచి వెనక సందులోకి మారుతున్నాం

మా దగ్గర బ్లౌజులు కుట్టించుకునే అమ్మలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. ఆషాఢం రాకముందే మన షాపు మారుతోంది. ఇన్నాళ్లూ తార్నాక మెట్రో స్టేషను మెట్ల పక్కన, మెయిన్ రోడ్డు మీద ఉన్నాం. ఇకనుంచి స్టేషను వెనక సందులో, మొదటి అంతస్తులో ఉంటాం. విషయం తెలిసినవాళ్లు అద్దె పెరిగిందా, ఓనరుతో ఏమైనా మాటామాటా వచ్చిందా అని అడుగుతున్నారు. అద్దె సంగతీ చెప్తాను. అసలు కారణం మాత్రం వెలుతురు.

మన హైదరాబాద్ మెట్రో స్టేషన్లు ఎలా కట్టారో ఎప్పుడైనా కింద నిలబడి చూడండి. రోడ్డు మధ్యలో ఒకే వరుస స్తంభాలు. వాటి మీద నుంచి అటూ ఇటూ రెక్కల్లా చాచిన కాంక్రీటు. మధ్య అంతస్తులో టికెట్ కౌంటర్లు, గేట్లు, దాని మీద ప్లాట్‌ఫారాలు, ఆపైన కప్పు. రోడ్డుకు రెండు పక్కలా మెట్లు, లిఫ్టులు. స్తంభాలు మధ్యలోనే ఉండటం వల్ల కింద బస్సులూ ఆటోలూ తిరగడానికి దారి మిగిలింది, మంచిదే. కానీ దాని నీడంతా మాలాంటి షాపుల మీద పడుతుంది. మిట్టమధ్యాహ్నం కూడా మేం లైటు వేసుకునే కూర్చుంటాం.

కిరాణా కొట్టుకో మందుల షాపుకో దీనితో పెద్ద ఇబ్బంది ఉండదు. కుట్టుపనికి అలా కాదు. పట్టుచీరల్లో చాలావాటికి పడుగు (నిలువు దారం) ఒక రంగు, పేక (అడ్డ దారం) ఇంకో రంగు. నెమలికంఠం రంగు చీర తీసుకోండి. ఇటు తిప్పితే నీలం, అటు తిప్పితే పచ్చ. పగటి వెలుగులో ఆ రెండూ విడివిడిగా కనిపిస్తాయి. ఎల్‌ఈడీ లైటు కింద మాత్రం ఒకటే మబ్బు నీలంలా ఉంటుంది. ఉల్లిపొర రంగు, మామిడి చిగురు రంగు అయితే మరీ కష్టం. లైటు కింద సరిగ్గా కుదిరిందనుకున్న దారం ఎండలోకి తీసుకెళ్తే వేరే రంగులో కనిపిస్తుంది. అందుకే మా మాస్టర్‌గారు ప్రతి చీరకూ దారపు రీళ్లు గుప్పిట్లో పట్టుకుని నీడ దాటేదాకా నడిచి, ఎండలో పెట్టి చూసి వస్తారు. అటు ట్రాఫిక్, ఇటు చేతిలో కస్టమర్ పట్టుచీర. వానాకాలంలో ఆ అవకాశం కూడా ఉండదు. ఆయనకు వయసు పెరుగుతోంది. రోజంతా లైటు కింద నల్లబట్ట మీద నల్లదారంతో పనిచేస్తే కళ్లు ఎన్నాళ్లు ఆగుతాయి? కొత్త షాపులో తూర్పు వైపు రెండు పెద్ద కిటికీలు ఉన్నాయి. మొదటిసారి చూడటానికి వెళ్లినప్పుడు ఆయన నేరుగా కిటికీ దగ్గరికెళ్లి, జేబులోంచి గుడ్డముక్క తీసి చూసుకుని, మిషను ఇక్కడ వేద్దామమ్మా అన్నారు. ఆ మాటతోనే నేను నిర్ణయం తీసేసుకున్నాను.

స్టేషను మీద నాకు కోపం ఉందనుకునేరు. అస్సలు లేదు. మన వైపు వాళ్లందరికీ ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. 2012లో పనులు మొదలయ్యాక రోడ్డు మధ్యలో రేకులు అడ్డం పెట్టారు. బండి ఆపుకోవడానికి చోటు లేక పాత కస్టమర్లు కూడా రావడం తగ్గించారు. నాగోల్ నుంచి మెట్టుగూడ దాకా 2015 ఉగాదికి మొదలవుతుందన్నారు. ఆ ఉగాది పోయింది, తర్వాతి ఉగాదీ పోయింది. నెత్తి మీద ఖాళీ రైళ్లు ట్రయల్ కోసం తిరుగుతుంటే కింద కూర్చుని చూశాం. చివరికి జనం రైలెక్కింది 2017 నవంబరు 29న. అప్పుడు కూడా మా లైను అమీర్‌పేట దగ్గరే ఆగిపోయేది. 2019 మార్చిలో హైటెక్ సిటీ, అదే సంవత్సరం నవంబరులో రాయదుర్గం కలిశాకే మాకు అసలైన గిరాకీ వచ్చింది. అంతకుముందు మా కస్టమర్లంటే లాలాపేట, రైల్వే క్వార్టర్లు, యూనివర్సిటీ వైపు వాళ్లు. ఆ తర్వాత ఆఫీసు ట్యాగు మెడలో వేసుకుని మెట్లు దిగే ఆడపిల్లలు రావడం మొదలుపెట్టారు. ఉదయం ఫాల్, పీకోకు చీర ఇచ్చి సాయంత్రం తీసుకెళ్లేవాళ్లు. 2020 మార్చి 22న రైళ్లు ఆగిపోయి మళ్లీ సెప్టెంబరులో మొదలయ్యేదాకా మాకు ఎంత నష్టమైందో నేను చెప్పక్కర్లేదు. ఆ స్టేషనే మాకు అన్నం పెట్టింది.

ఇప్పుడు అద్దె. మెట్రో మెట్ల పక్కన మల్గి (షాపు గది) అంటే డిమాండు ఎలా ఉంటుందో మీకు తెలుసు. మా ఓనరు ఈసారి అడిగిన అద్దె మేం ఇవ్వలేనంతా కాదు. కాకపోతే అది ఇవ్వాలంటే లైనింగ్ బ్లౌజు కుట్టుకూలి బాగా పెంచాలి, లేదా హెమ్మింగ్ చేసే ఇద్దరిలో ఒకరిని మాన్పించాలి. రెండూ నాకు ఇష్టం లేదు. కొత్త చోట అద్దె దాదాపు సగం. కాబట్టి సంక్రాంతి దాకా ఏ రేటూ పెంచం.

మారడం వల్ల మాకు పోయేది కూడా ఉంది, అది దాచను. రైలు దిగినవాళ్లలో చాలామంది ఆటో కోసం పరుగు తీస్తారు, షాపు వైపు తల కూడా తిప్పరు. ఆగేవాళ్లు హుక్ ఊడిందనో, జిప్పు పట్టేసిందనో, కుర్తా చంక దగ్గర బిగుతుగా ఉందనో ఆగుతారు. పది నిమిషాల పనులు. మేడమీద ఉంటే అవి మా దగ్గరికి రావు. డబ్బు పరంగా చిన్నవే అయినా, మీలో సగం మంది నాకు పరిచయమైంది అలాంటి పనులతోనే. ఒకమ్మాయి ఆఫీసులో ఫంక్షనని చీర కట్టుకుని, వెనక హుక్స్ రెండూ తెగిపోయి, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని కంగారుగా లోపలికొచ్చింది. కుట్టిచ్చేలోపు రెండు రైళ్లు వెళ్లిపోయాయి. తర్వాత ఆ అమ్మాయి పెళ్లి బ్లౌజులన్నీ, మగ్గం వర్కుతో సహా, మా దగ్గరే చేయించుకుంది. అలా దారిన పోతూ లోపలికొచ్చేవాళ్లు ఇక తగ్గుతారు. అందుకే మీరు నలుగురికి చెప్పండని అడుగుతున్నాను.

ఇంకో మాట. మధ్యలో దిగి మా దగ్గరికి వచ్చేవాళ్లకు ఖర్చెక్కువ. ఉప్పల్‌లో ఎక్కి రాయదుర్గం వెళ్లేవాళ్లు తార్నాకలో బయటికొస్తే టికెట్ అక్కడితో అయిపోతుంది, మళ్లీ ఎక్కితే కొత్త ప్రయాణం కిందే లెక్క. 2025 మేలో కనీస ఛార్జీ 10 నుంచి 12కి, గరిష్ఠం 60 నుంచి 75కి పెంచి, తర్వాత కొంత తగ్గించి 11, 69 చేశారు. ఇవ్వడానికోసారి, ట్రయల్‌కోసారి, తీసుకోవడానికోసారి దిగడం ఎవరికైనా భారమే. అందుకని ఒక పద్ధతి పెట్టాం. రెగ్యులర్‌గా వచ్చేవాళ్ల ఆది జాకెట్టు ఒకసారి తెస్తే కొలతలతో పేపర్ కటింగ్ తీసి, పేరు రాసి మా దగ్గరే దాచుకుంటాం. ఆ తర్వాత ప్రతిసారీ ఆది జాకెట్టు మోసుకురావాల్సిన పని లేదు. మెడ డిజైను, చేతుల పొడవు వాట్సాప్‌లో ఫొటో పెట్టండి. ఒళ్లు తగ్గినా పెరిగినా మొహమాటపడకుండా ముందే చెప్పండి, కొత్తగా కొలుస్తాం.

ఉదయం ఇచ్చి సాయంత్రం తీసుకోవడం ఫాల్, పీకో, ఆల్టరేషన్లకు ఎప్పటిలాగే ఉంటుంది. ఎనిమిదింటికి తీస్తాం, రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉంటాం. బ్లౌజులకు మాత్రం పది రోజులు ఇవ్వాల్సిందే. ఆషాఢం సేల్‌లో చీరలు కొని, వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందు తెస్తే మాస్టర్‌గారు రాత్రిళ్లు కూర్చోవాలి. ఈ సంవత్సరం నేను ఆయన్ని అలా కూర్చోబెట్టను. వ్రతానికి పది రోజుల ముందు రాని బ్లౌజులు అప్పటికి అందవు, ముందే చెప్తున్నాను. పట్టుచీరలకు దారం, లైనింగు రంగు మీరే దగ్గరుండి చూసుకోవాలనుకుంటే ఆదివారం పొద్దున్నే రండి, కిటికీ దగ్గర పరిచి చూద్దాం.

దారి చెప్తాను. మన వైపు మెట్లు దిగి, పాత షాపు దాటగానే వచ్చే సందులోకి తిరగండి. ఎడమ చేతి వైపు నాలుగో బిల్డింగు. పాత షాపు షట్టరు మీద బాణం గుర్తుతో ఫ్లెక్సీ కట్టిస్తున్నాం. రోడ్డుకు అవతల ఉండేవాళ్లు వాహనాల మధ్య నుంచి దాటొద్దు. ఆ పక్క మెట్లో లిఫ్టో ఎక్కి, టికెట్ కౌంటర్ల ముందు నుంచి నడిచి ఈ పక్క దిగండి. గేట్ల లోపలికి వెళ్లనంతవరకు టికెట్ అక్కర్లేదు. కొత్త బిల్డింగుకు లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మలు కింద నుంచే ఫోన్ చేయండి, మా అమ్మాయి దిగి వచ్చి బట్టలు తీసుకుంటుంది, కొలతలు కావాలంటే కింది ఇంటావిడ వరండాలో కూర్చోబెట్టి తీస్తుంది. ఆవిడ ఒప్పుకున్నారు.

మారే రెండు రోజులు, శని ఆదివారాలు, షాపు మూసి ఉంటుంది. రెడీ అయిన బట్టలు శుక్రవారం రాత్రిలోపు తీసుకెళ్తే మంచిది. తీసుకోనివి పేర్ల చీటీలతో సహా కొత్త షాపుకు తెస్తాం. రసీదు పోయినా పరవాలేదు, చీర రంగు చెప్తే చాలు, వెతికి ఇస్తాను.