తరిమే అమ్మాయికి, నాన్న

అమ్మలూ,

ఇప్పుడు తెల్లవారుజాము 3 గంటలు. టీ బ్రేక్‌లో కూర్చుని రాస్తున్నాను. నువ్వు నిద్ర లేచేసరికి నేను వచ్చి పడుకుని ఉంటాను, నేను లేచేసరికి నువ్వు స్కూల్లో ఉంటావు. అందుకే ఈ కాగితం నీ బూట్ల సంచిలో పెడుతున్నాను. ఫోన్‌లో మెసేజ్ పెట్టొచ్చు కానీ, ఇది మెసేజ్‌లో తేలిపోయే మాట కాదు.

ఆదివారం కారులో అడిగావు, "నాన్నా, నేను బాగా ఆడట్లేదా? అందుకేనా కోచ్ నన్ను ముందు వరుస నుంచి వెనక్కి, డిఫెన్స్‌లో హాఫ్ బ్యాక్‌కి పంపుతోంది?" అని. కళ్లు తుడుచుకుంటూ కిటికీలోంచి బయటికి చూశావు. నేనేమీ అనలేదు. షిఫ్ట్‌కి టైమవుతోందన్న టెన్షన్ ఒకటి, నా దగ్గర సమాధానం లేకపోవడం ఒకటి. మూడు రాత్రులుగా ఇక్కడ ప్యాలెట్లు సర్దుతూ అదే ఆలోచిస్తున్నాను.

మూడేళ్లుగా నువ్వు ఈ ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌లో ఫార్వర్డ్ పాకెట్‌లో, అంటే ఎదుటి జట్టు గోల్ పక్క మూలలో, ఆడుతున్నావు. మొదటి ఏడాది నీ ఆట నాకు అర్థం కాలేదు. నడుమ ఉన్న రెండు పెద్ద స్తంభాల మధ్య నుంచి కొడితే 6 పాయింట్లు, పక్క స్తంభాల మధ్య నుంచి పోతే 1, అంతే తెలుసు నాకు. కంచె పక్కన నిలబడి "కొట్టు, కొట్టు" అని అరిచేవాణ్ణి. ఆట అయ్యాక అమ్మ డ్యూటీలోంచి ఫోన్ చేసి అడిగితే "ఇవాళ గోలేమీ కొట్టలేదు" అని చెప్పేవాణ్ణి. వెనక సీట్లో కూర్చుని ఆ మాట నువ్వు వినేదానివి. తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది తల్లీ. మైదానమంతా పరిగెత్తి పరిగెత్తి వచ్చిన పిల్లకి నేను చెప్పిన లెక్క అది.

నా కళ్లు తెరిపించింది పోయిన ఏడాది జులైలో వానలో జరిగిన ఆట. వాళ్ల ఫుల్ బ్యాక్, గోల్ ముందు కాపలా ఉండే పొడుగాటి పిల్ల, గుర్తుందా? బంతి అందుకున్న ప్రతిసారీ కుడివైపు తిరిగి, రెండడుగులు వేసి, కుడికాలితో దూరంగా కొట్టేది. మొదటి క్వార్టరంతా నువ్వు ఆమె వెనకే పరిగెత్తావు. అందలేదు. రెండో క్వార్టర్లో ఒకసారి వెనక నుంచి వెళ్లలేదు నువ్వు. ఆ అమ్మాయి ఇంకా బంతి కోసం వంగుతుండగానే ఆమె కుడిపక్కకి జరిగి, మోకాళ్లు వంచి, చేతులు కొంచెం చాచి ఆగావు. తను అలవాటు కొద్దీ కుడికి తిరిగింది. ఎదురుగా నువ్వు! గాభరాపడి ఎడమకాలితో తన్నింది. బంతి పాదానికి సరిగా తగల్లేదు. గిరగిరా తిరుగుతూ పోయి మన సెంటర్ పిల్ల చేతుల్లో పడింది. వాళ్ల డిఫెండర్లు అప్పటికే ముందుకు పరుగందుకుని చెల్లాచెదురుగా ఉన్నారు. ఒక్క కిక్కుతో మనకి గోల్.

అందరూ గోల్ కొట్టిన అమ్మాయి చుట్టూ చేరారు. నువ్వు ఆ బంతిని తాకనైనా లేదు. కానీ కోచ్ బౌండరీ దగ్గర నుంచి వేలెత్తి చూపించింది నిన్నే. అప్పుడు నాకు మా ఊరి చెడుగుడు గుర్తొచ్చింది. నేను ఎడమ కార్నర్‌లో ఆడేవాణ్ణి. కూతకి వచ్చినవాడి ముఖం చూస్తే మోసపోతాం, వాడి నడుము ఎటు తిరుగుతోందో చూడాలి. కార్నర్ వాడు పట్టాల్సిన పని కూడా లేదు. సరైన సమయంలో ఒక్క అడుగు ముందుకేస్తే చాలు, వచ్చినవాడు పక్కకి జరుగుతాడు, అక్కడ కాచుకున్నవాడికి దొరికిపోతాడు. "భలే పట్టాడ్రా" అని ఊరంతా వాణ్ణే మెచ్చుకునేది. ఆ ఒక్క అడుగు సంగతి నాకూ వాడికీ మాత్రమే తెలిసేది. నా కూతురు ఇంత దూరంలో, ఇంకో ఆటలో, ఎవరూ నేర్పకుండానే ఆ అడుగు వేసింది. ఆ వానలో నిలబడి నేను ఎంత పొంగిపోయానో నీకు ఇప్పటిదాకా చెప్పలేదు.

మనం మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో, 2017 ఫిబ్రవరిలో, ఆడవాళ్ల లీగ్ మొట్టమొదటి ఆట టీవీలో చూశాం. కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్ జట్లు. 24 వేల పైచిలుకు జనం వచ్చి గేట్లు మూసేయాల్సి వచ్చింది. నువ్వు సోఫా మీద నిలబడి చూశావు. అదే ఏడాది సెప్టెంబర్‌లో మగవాళ్ల లీగ్‌లో రిచ్‌మండ్ జట్టు కప్పు గెలిచింది, 1980 తర్వాత మళ్లీ అప్పుడే. మా వేర్‌హౌస్‌లో పసుపు, నలుపు స్కార్ఫులు వేసుకుని పెద్ద పెద్ద మగాళ్లు ఏడవడం చూశాను. ఎందుకు ఏడుస్తున్నారో అప్పుడు అర్థం కాలేదు. తర్వాత పనిలో పక్కన ఉండే ఒక పెద్దాయన విడమరిచి చెప్పాడు. ఆ జట్టుకి ముందు వరుసలో పొడుగాటి ఫార్వర్డ్ అంటే జాక్ రీవోల్ట్ ఒక్కడే. మిగతావాళ్లు పొట్టివాళ్లు, చురుకైనవాళ్లు: డేనియల్ రియోలి, డాన్ బట్లర్, జేసన్ కాస్టాన్యా. రీవోల్ట్ గాల్లో బంతిని పట్టకపోయినా కింద పడేస్తే చాలు, వీళ్లు తేనెటీగల్లా ముసిరేవాళ్లు. ఎదుటి జట్టు బంతి బయటికి తీసుకెళ్లడానికి ఊపిరి తీసుకునే సందు ఇచ్చేవాళ్లు కాదు. ఫైనల్లో అడిలైడ్ మీద 48 పాయింట్లతో గెలిచారు. నువ్వు చేసే పనికి ఇక్కడ ఎంత విలువ ఉందో నాకు ఆయన మాటల్లోనే తెలిసింది.

ఆ ముగ్గురిలో రియోలి సంగతి నీకు ప్రత్యేకంగా చెప్పాలి. డార్విన్‌కి ఉత్తరాన ఉన్న టివీ దీవుల పిల్లాడు. చదువు కోసం ఆ వెచ్చటి సముద్రపు ఊరు వదిలి బల్లారట్ చలిలోకి వచ్చాడు. వాళ్ల కుటుంబంలో ఈ ఆట రక్తంలోనే ఉంది. మారిస్ రియోలి 1982 ఫైనల్లో తన జట్టు ఓడిపోయినా, ఆ ఆటలో అందరికంటే బాగా ఆడినవాడికిచ్చే నార్మ్ స్మిత్ మెడల్ తెచ్చుకున్నాడు. సిరిల్ రియోలి 2015లో అదే మెడల్ గెలిచాడు. డేనియల్ కూడా తరిమే ఫార్వర్డ్‌గానే పేరు తెచ్చుకున్నాడు. 2017, 2019, 2020, మూడు కప్పులూ ముందు వరుసలో ఆడే గెలిచాడు. ఆ తర్వాత, 2021లో, అతణ్ణి హాఫ్ బ్యాక్‌కి మార్చారు.

చూడు, మూడు కప్పులు గెలిచినవాణ్ణి! బాగా ఆడనందుకు కాదు కదా. బంతి ఎటు పడుతుందో ముందే పసిగట్టే కన్ను, ఆ వేగం వెనక నుంచి ముందుకు వస్తే ఎదుటి జట్టు ఎంత ఇబ్బంది పడుతుందో ఆలోచించి మార్చారు. అక్కడ అతను కొత్త ఆటగాడిలా ఎదిగాడు. అప్పుడు రిచ్‌మండ్ కోచ్‌గా ఉన్న డామియన్ హార్డ్‌విక్ తర్వాత గోల్డ్ కోస్ట్ జట్టుకి వెళ్లాడు. 2024 చివర్లో రియోలి కూడా అక్కడికే చేరాడు. తన ఆటని మార్చిన కోచ్ దగ్గరికే మళ్లీ వెళ్లాడంటే ఆ మార్పు అతనికి శిక్షలా అనిపించి ఉంటుందా? నాకైతే అనిపించదు. మెల్‌బోర్న్ జట్టులో కైసాయా పికెట్ కూడా అంతే. 2021 కప్పు చిన్న ఫార్వర్డ్‌గా గెలిచాడు, తర్వాత మిడ్‌ఫీల్డ్‌లో దుమ్ము రేపుతున్నాడు. ఆడవాళ్లలో అడిలైడ్ జట్టు స్టీవీ-లీ థాంప్సన్ 2019లో లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టి, ఆ తర్వాత డిఫెన్స్‌లో ఆడింది.

అయినా నీకు ఆ పాకెట్ మీద ప్రేమ ఉంది. ఆ మూల నీది. బంతి గాల్లో ఉండగా గోల్ స్తంభం నీడలో నక్కి చూసే ఆ క్షణం నీది. దాన్ని వదలమంటే ఏడుపు రాకుండా ఎలా ఉంటుంది? ఏడిస్తే ఏడువు. దాని మీద నేనేమీ అనను.

కానీ నాకు తట్టిన సంగతి ఒకటుంది, అది చెప్పడానికే ఈ ఉత్తరం. ఇన్నాళ్లూ తరిమింది నువ్వు. ఇప్పుడు నిన్ను తరుముతారు. హాఫ్ బ్యాక్‌లో నువ్వు బంతి కోసం వంగినప్పుడల్లా నీలాంటి పిల్లే ఒకతి, పొట్టిగా, చురుగ్గా, ఆకలిగా, నీ నడుము చూస్తూ ఉంటుంది. ఆమె ఏం చూస్తోందో, ఎక్కడికి జరగబోతోందో, ఎప్పుడు ఊపిరి బిగపడుతుందో నీకు తెలిసినంతగా ఆ మైదానంలో ఇంకెవరికి తెలుస్తుంది? చిన్నప్పటి నుంచీ డిఫెన్స్‌లోనే ఆడిన పిల్లలకి ఆ వైపు కళ్లు లేవు. నీకు రెండు వైపులా ఉన్నాయి.

అందుకే ఒక మాట, కోపం తెచ్చుకోకు. నువ్వూ ప్రతిసారీ కుడివైపే తిరుగుతావు.

ఆ వాన ఆటలో పొడుగాటి పిల్ల ఎలా దొరికిపోయిందో, నువ్వూ అలాగే దొరికిపోతావు. ముందు వరుసలో ఆడినప్పుడు ఇది పెద్ద లోపం కాదు, పట్టుబడితే బంతి వాళ్ల గోల్ దగ్గరే ఉండేది, మనకి పెద్ద నష్టం లేదు. ఇప్పుడు అలా కాదు. బంతి వదిలే వీలుండి కూడా వదలకుండా ట్యాకిల్‌లో దొరికితే హోల్డింగ్ ద బాల్, ఫ్రీ కిక్ వాళ్లకి. అది మన గోల్ ముందు జరిగితే 6 పాయింట్లు చేతులారా ఇచ్చినట్టే. ఎడమకాలితో కొట్టగలిగితేనే ఎడమకి తిరిగే ధైర్యం వస్తుంది. నీ ఎడమకాలు నాకు తెలుసు. బంతి వదిలేటప్పుడు ఎడమచేత్తో కాకుండా కుడిచేత్తోనే వదులుతావు, అందుకే అది అడ్డంగా పడుతుంది. మూడేళ్లు కంచె పక్కన నిలబడి నేను ఈమాత్రం నేర్చుకున్నాను.

ఇంకొకటి, పాకెట్‌లో పది అడుగులు దూకి, ఆగి, మళ్లీ దూకేదానివి. ఇప్పుడు గోల్ చతురస్రం నుంచి సెంటర్ దాకా, మళ్లీ వెనక్కి పరిగెత్తాలి. ట్రైనింగ్ ఉన్న రోజు మధ్యాహ్నం అన్నం మానేయడం ఇక కుదరదు. అమ్మ డబ్బాలో పెట్టిన పెరుగన్నం ఖాళీ చేసి తీసుకురా. అమ్మమ్మ వీడియో కాల్‌లో నీ మోచేతి మీద కమిలిన మచ్చ చూసి "ఆడపిల్లకి ఈ దెబ్బలేంట్రా" అని నన్ను తిడుతోంది. తిట్టనీ. ఆవిడకి నేను చెప్పుకుంటాలే. నువ్వు మాత్రం మౌత్‌గార్డ్ మరచిపోకు.

హారన్ మోగింది, లోపలికి వెళ్లాలి. గురువారం నాకు సెలవు. నువ్వు స్కూల్ నుంచి వచ్చేసరికి కారు బయటే ఉంటుంది. పాత షెరిన్ బంతికి గాలి కొట్టి పెట్టాను. చీకటి పడేదాకా గ్రౌండ్‌లో ఎడమకాలితో కొడదాం. నేను వెనక నుంచి తరుముతాను, నువ్వు తిరుగు.

మీ నాన్న