గది లేకపోతే ట్రంకుపెట్టె

చిరంజీవి స్వాతికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారి మోకాలు కాస్త నెమ్మదించింది. నువ్వు లైబ్రేరియన్‌గా చేస్తున్న హాస్టల్ బడిలో లైబ్రరీ గదిని యూనిఫాం మూటలకి ఇచ్చేశారని, నువ్వు రాజీనామా రాసి పెట్టుకున్నావని పద్మ పిన్ని ఎక్కడో విని వచ్చింది. అందులో నిజమెంతో నువ్వే చెప్పాలి. ఫోన్ ఎత్తడం లేదు కనక రాస్తున్నాను. సరే, అదలా ఉంచు.

వానలింకా తగ్గలేదు. బీరువాలు గోడకి ఆనించకు, జానెడు ఎడం ఉంచు. చెమ్మ తగిలితే అట్టల జిగురు కోసం పురుగు చేరుతుంది. పిల్లల చేతులు తగిలే అరల్లో కలరా ఉండలు వద్దు. ఎండిన వేపాకు వేసి నెలకోసారి మార్చు.

గది నిజంగా పోయిందే అనుకో. 1935లో గ్రంథాలయోద్యమం నడిపిన పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదపులివర్రు మధ్య కాలువలో పడవ మీదే గ్రంథాలయం నడిపారు. నీకు ఒక ట్రంకుపెట్టె చాలు. నలభై పుస్తకాలు పెట్టుకుని స్టడీ అవర్‌కి ముందు హాస్టల్ వరండాలో తెరువు. అంతకు మించితే మోయడమూ కష్టం, పిల్లలకి ఎంచుకోవడమూ కష్టం. అట్ట బొమ్మ పైకి కనబడేలా పరిచిపెట్టు. పుస్తకం వెన్ను మీద 894.827 అని డ్యూయీ వర్గీకరణ నంబరు చూస్తే నీకు తెలుగు సాహిత్యం అని తెలుస్తుంది, ఆరో తరగతి పిల్లకి అవి వట్టి అంకెలు. ప్రతి సోమవారం ఓ పది మార్చు, లేకపోతే చూసినవే కదా అని దగ్గరికి రారు.

ఏది తేలిక, ఏది కష్టం అని తెలిసేలా పుస్తకాలకి రంగు టేపులు అంటించావా? ప్రథమ్ బుక్స్ వాళ్ళ కథల వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో మొదటి మెట్టు 250 పదాల లోపు, రెండోది 600 వరకు, మూడోది 1500 వరకు, ఆపైది నాలుగోది. ఆ లెక్కే పట్టుకో. అందులో తెలుగు కథలు ఉచితంగా దించుకుని ప్రింటు తీసుకోవచ్చు. రంగుకి మాత్రం తరగతి పేరు తగిలించకు. మూడో తరగతి పుస్తకం అని తెలిస్తే ఎనిమిదో తరగతి పిల్ల చచ్చినా ముట్టుకోదు. పేజీలో ఐదు మాటల దగ్గర తడబడితే పుస్తకం కష్టమని ఇంగ్లీషు వాళ్ళ లెక్క. తెలుగులో మాటలు అతుక్కుని పొడుగవుతాయి, పైగా ఒత్తులు. నన్నడిగితే మనకి మూడే హద్దు.

మంగ కూతురి సంగతి నీకు పూర్తిగా తెలియదనుకుంటా. సూర్యం మాస్టారి బడిలోనే చదివింది. రోజూ అందరికంటే లావు పుస్తకం పట్టుకెళ్ళి మర్నాడు పొద్దున్నే తిరిగిచ్చేది. తోటి పిల్లలు దాన్ని పండితురాలనేవాళ్ళు. మాస్టారికి అనుమానం వచ్చి ఓ రోజు ఒంటరిగా ఉన్నప్పుడు మధ్యలో ఒక పేజీ తీసి చదవమన్నారు. రెండు వరుసల్లోనే నాలుగు చోట్ల ఆగిపోయింది. ఆయన ఒక్క మాట అనలేదు. 'శుక్రవారం ఒకటో తరగతి వాళ్ళకి కథ చదివి వినిపించే మనిషి కావాలమ్మా, నువ్వు చేస్తావా?' అని పల్చటి పుస్తకం చేతిలో పెట్టారు. చిన్నపిల్లల కోసం కనక సిగ్గుపడే పనిలేదు. వినిపించాలి కనక నాలుగైదుసార్లు చదువుకునేది. అలా వారం వారం ఒక్కో పుస్తకం. దసరా సెలవుల తరవాత తనే ఒక కథ చెబుతానంది. మాస్టారు ఏ4 కాగితం ఇచ్చారు. మూడుసార్లు సగానికి మడిచి విప్పితే ఎనిమిది గళ్ళు వస్తాయి. అడ్డంగా ఒక్క మడత వేసి, మడత వైపు నుంచి నడిమి గీత వెంట సగం దాకా కత్తిరించాలి. విప్పి, నిలువునా మడిచి, రెండు చివరలూ లోపలికి నెడితే ఎనిమిది పేజీల పుస్తకం. పేజీకి రెండు వాక్యాలు రాసింది, దాని మేకపిల్ల గురించి. మాస్టారు దానికి నంబరేసి, కార్డు జేబు అంటించి, అరలో పెట్టారు. ఇష్యూ కూడా చేశారు! ఇలాంటి వాటికి వేరే రిజిస్టరు పెట్టు, అసలు దానిలో కలిపితే స్టాకు తనిఖీలో చిక్కు. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు కదా, ఈసారి వ్యాసరచన పోటీ బదులు పిల్లల పుస్తకాలే పరిచి పెట్టు. పోటీ పెడితే ఏటా ఆ ముగ్గురే రాస్తారు.

చదివిన ప్రతి పుస్తకానికీ సారాంశం రాయమనకు, స్వాతీ. వెనకట్ట మీదది దించేస్తారు, ఆ పైన పుస్తకమంటేనే విసుగు. దానికి బదులు ఒక చీటీ: 'ఈ పుస్తకం ఎవరికిస్తావు? ఎందుకు?' రెండు వాక్యాలు చాలు. చీటీ పుస్తకంలోనే ఉంచు, తరవాతి పిల్ల చదువుతుంది. దాని మీద ఎర్ర ఇంకు పెట్టకు. పదేపదే వచ్చే తప్పులు రాసుకుని తెలుగు టీచరుకివ్వు. ప్రాజెక్టులకైతే పుస్తకం మూసేసి ఐదు వాక్యాలు సొంతంగా రాసి, కింద పుస్తకం పేరు, పేజీ నంబరు వెయ్యమను. తెరిచి ఉంచితే కాపీయే. ఎన్ని పుస్తకాలు చదివితే అంత బహుమతి అని మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకు, పల్చటివే ఏరుకుంటారు.

పుస్తకాలు పోతాయని భయపడి బీరువాకి తాళం వేసేవాళ్ళని చూస్తే నాకు కడుపు మండుతుంది. పోయినవి విడిగా రాసి ఏటా తనిఖీలో ప్రిన్సిపాల్ సంతకంతో కొట్టివేయించు. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో రాసిన ఐదు సూత్రాల్లో మొదటిది, పుస్తకాలున్నది వాడడానికే అని. ఇష్యూ రిజిస్టరులో పిల్లకో పేజీ ఇచ్చి, 'సగంలో ఆపాను' అని రాసుకునే గడి కూడా పెట్టు. వరసగా నాలుగు ఆపితే ఆ పిల్లని కూర్చోబెట్టుకుని చదివించి చూడు. నెలాఖరుకి ఎంతమంది, ఎన్ని పుస్తకాలు తీసుకున్నారో లెక్క తీసి, ఆ కాగితంతో గది అడుగు. నోటిమాటగా అడిగితే మూటలే గెలుస్తాయి. రాజీనామా రాసి ఉంటే, ఆ లెక్క ఇచ్చేదాకా దాన్ని బయటకి తియ్యకు.

సూరిబాబు ఆదివారం అటొస్తున్నాడు. నాలుగు రంగుల టేపు, లోపల కాగితం పరిచిన చిన్న ట్రంకుపెట్టె, మాగాయ సీసా పంపుతున్నాను. సీసా పుస్తకాల పక్కన పెట్టకు, నూనె కారుతుంది. రాత్రిళ్ళు పెరుగన్నమైనా తిని పడుకో. ఫోన్ చెయ్యి.

అమ్మ