ధవళేశ్వరం దాకా సైకిల్ దారి గుర్తించండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. రెండేళ్ల క్రితం బదిలీ మీద రాజమహేంద్రవరం వచ్చాను. మాది ముక్తేశ్వరం. కోటిపల్లి రేవులో సైకిల్‌ని పంటు ఎక్కించి గోదావరి దాటడం చిన్నప్పటి నుంచీ అలవాటు. కాలువ గట్టు మీద దారి తప్పడం అంటూ ఉండదు. నీళ్లు ఎటు పోతుంటే అటు పోవడమే. ఇక్కడికి వచ్చాక ఆ ధైర్యం పోయింది.

మేముండేది మోరంపూడి దగ్గర. ఇల్లు, బడి, కూరల మార్కెట్టు, ఈ మూడింటి మధ్య దారులే నాకు తెలుసు. మెయిన్ రోడ్డు అవతల పాత ఊరు, గోదావరి గట్టు, ధవళేశ్వరం అంతా బస్సు కిటికీలోంచి చూసిందే. ఒక ఆదివారం ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూసి వద్దామని సైకిల్ తీశాను. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుంటే హైవే ఎక్కించి వేమగిరి వైపు తీసుకెళ్లింది. ఒక లారీ నన్ను రాసుకున్నంత దగ్గరగా వెళ్లింది. ఆ గాలికే హ్యాండిల్ ఊగిపోయి రోడ్డు అంచు మట్టిలోకి దిగిపోయాను. దెబ్బలేమీ తగల్లేదు కానీ కాళ్లు వణికాయి. అక్కణ్నుంచే వెనక్కి వచ్చేశాను.

తప్పు మ్యాప్‌ది అనను. కారుకో బైకుకో అది మంచి దారే. సైకిల్‌కి కావాల్సింది వేరు. నాలుగు కిలోమీటర్లు ఎక్కువైనా ఫర్వాలేదు, నీడ ఉండాలి, పెద్ద బండ్లు తక్కువుండాలి, గుండె దడ లేకుండా తొక్కగలగాలి. అలాంటి దారి ఊళ్లో ఉందా అని వెతకడానికి నాకు దాదాపు మూడు నెలల ఆదివారాలు పట్టాయి. ఆ కష్టం ఇంకొకరు మళ్లీ పడకూడదనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఒక తెల్ల కాగితం మీద వీధులు కాకుండా అడ్డాలు గీసుకున్నాను. హైవే, రైలు పట్టాలు, గోదావరి. కొత్త ఊళ్లో దారి వెతికేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇదొక్కటే: దాటే చోట్లు ముందు, వీధులు తర్వాత. ఎంత చక్కని వీధి దొరికినా దాని చివర పట్టాలు దాటే దారి లేకపోతే అంతా వెనక్కి తొక్కాలి. ధవళేశ్వరం పట్టాలకు దక్షిణాన ఉంది, మా ఇల్లు ఇవతల. నేరుగా పోదామని చూస్తే ప్రతిచోటా బండ్ల రద్దీలోనే పడ్డాను. చివరికి తోచింది ఏమిటంటే, అటు పోకుండా ముందు పడమటికి గోదావరి దగ్గరికి వెళ్లిపోవాలి. గట్టు రోడ్డు రైలు వంతెనల కిందుగానే పోతుంది. నది పక్కనే దిగువకు తొక్కుకుంటూ పోతే పట్టాలు వాటంతటవే దాటిపోతాయి. మొత్తం పది పన్నెండు కిలోమీటర్లు అవుతుంది.

వీధుల సంగతి నాకు చెప్పింది పేపర్ వేసే కుర్రాళ్లు, పాలవాళ్లు. తెల్లవారుజామున ఊరంతా సైకిళ్ల మీద తిరిగేది వాళ్లే. దానవాయిపేటలో ఒక అబ్బాయి, "ఆ సందు చివర గోడ ఉందండీ, కారు తిరగదు, సైకిల్ పడుతుంది" అన్నాడు. నాకు సరిగ్గా కావాల్సిన సందు అదే. కారు తిరగదు కాబట్టి ఎవరూ రారు. అలాంటివి ఆరేడు కలిపితే స్టేడియం రోడ్డు ఎక్కనక్కర లేకుండా చాలా దూరం వెళ్లిపోవచ్చు.

వెళ్లిన దారినే తిరిగి రావాలనుకోవడం నేను చేసిన ఇంకో పొరపాటు. మనం ఎడమ వైపున నడిచేవాళ్లం కాబట్టి ఎడమకి తిరగడం సులువు, రద్దీ రోడ్డు మీద కుడికి తిరగడం ప్రాణసంకటం. పోయేటప్పుడు ఎడమ మలుపు అయినది వచ్చేటప్పుడు కుడి మలుపు అవుతుంది. అందుకే తిరుగు దారి విడిగా గీసుకున్నాను. ఆదివారం ఆరు గంటలకి ఖాళీగా ఉన్న వీధి సోమవారం తొమ్మిదింటికి స్కూలు ఆటోలతో నిండిపోతుంది. కాబట్టి రెండు రోజులూ తొక్కి చూశాను. వాన పడిన మర్నాడు కూడా ఒకసారి చూడాలి. కంబాలచెరువు వైపు నీళ్లు నిలిస్తే గుంత ఏదో, రోడ్డు ఏదో కనపడదు.

ఇంత కష్టపడినందుకు దొరికింది మాత్రం చిన్నది కాదు. ఐదున్నరకి బయలుదేరితే ఎండ ముదరకముందే గట్టు మీద ఉంటాం. దామెర్ల రామారావు గారి చిత్రాలున్న ఆర్ట్ గ్యాలరీ, ఘాట్లలో స్నానాలు చేసేవాళ్లు, పిండాలు పెట్టించే పంతుళ్లు, పూలమ్మే ఆడవాళ్లు. తర్వాత తల మీదుగా పాత హేవ్‌లాక్ వంతెన, దాని పక్కనే ఆర్చి వంతెన. సరిగ్గా రైలు వెళ్తుండగా కింద ఉంటే సైకిల్ ఆపి నిలబడాల్సిందే. అక్కణ్నుంచి ఎడమ చేతి వైపు పొద్దు పైకొస్తుంటుంది, కుడి చేతి వైపు నది. 1852లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ దగ్గరికి ఇలా నీటి వెంటే వెళ్లి చేరినప్పుడు, మా డెల్టా పొలాలకు నీళ్లు వచ్చేది ఇక్కణ్నుంచే కదా అని కళ్లు చెమర్చాయి. బస్సులో చాలాసార్లు బ్యారేజీ దాటాను. ఎప్పుడూ అలా అనిపించలేదు.

కానీ ఇది నా ఒక్కదాని కాగితం మీద ఉన్న దారి. సందు మొదట్లో ఒక బాణం గుర్తు లేదు. గట్టు మీద కొన్నిచోట్ల ఇసుక లారీలు వస్తే పక్కకి తప్పుకునే జాగా కూడా లేదు. 2017లో, ఆ తర్వాత బడికొస్తా పథకం కింద హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్లు ఇచ్చారు. మా బడిలో చాలామంది ఆడపిల్లలు ఇప్పటికీ సైకిల్ మీదే వస్తారు. ఊరి అవతల కాలేజీలో సీటొస్తే మాత్రం, ఆ వైపు దారి తెలియదు, టెన్షన్ అని ఇంట్లోవాళ్లు ఆటో మాట్లాడతారు. ఆటో డబ్బులు భారమైన ఇళ్లలో ఆ కాలేజీయే మానేస్తారు. ఇది నా కళ్ల ముందు జరిగింది.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్ల కోసం, రోడ్ల కోసం పనులు జరుగుతాయి. ఆ పనుల్లోనే ఇది కూడా చేర్చమని నగరపాలక సంస్థను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. కోట్లు పోసి విడిగా ట్రాక్ వేయమనడం లేదు. ఉన్న సందుల్నే కలిపి మోరంపూడి నుంచి గట్టుకి, గట్టు నుంచి ధవళేశ్వరానికి ఒక దారిగా గుర్తించి, ప్రతి మలుపులో గోడ మీద ఒక రంగు బాణం వేస్తే చాలు. దారి మీద మురుగు మూతలు సరిచేయాలి. ఉదయం ఐదు నుంచి ఎనిమిది వరకు గట్టు మీదకి లారీలను రానివ్వకూడదు.

హేవ్‌లాక్ వంతెన గురించి కూడా ఒక మాట. 1900 నుంచి 1997 దాకా రైళ్లను మోసిన వంతెన అది. దాన్ని పర్యాటకుల కోసం తీర్చిదిద్దుతామంటున్నారు, సంతోషం. అయితే సెల్ఫీలకూ దుకాణాలకూ పోగా ఒక పక్కన సైకిల్ పట్టే జాగా వదలండి. కొవ్వూరు నుంచి చదువుకీ పనులకీ ఇటు వచ్చేవాళ్లు 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన మీద కార్ల మధ్య తొక్కాల్సిన అవసరం తప్పుతుంది.

ఈ ఉత్తరంతో పాటు నేను చేత్తో గీసిన పటం పంపుతున్నాను. వీలైతే అచ్చు వేయండి. అందులో ఒకచోట చుక్కల గీత ఉంటుంది. దానవాయిపేట నుంచి గట్టుకి పోతూ మెయిన్ రోడ్డు దాటే చోటు అది. తెల్లవారుజామున ఎక్కడైనా దాటవచ్చు గానీ కొట్లు తెరిచాక ఎక్కడ దాటాలో నాకు ఇంకా దొరకలేదు. ఆ వైపు పాఠకులు ఎవరికైనా తెలిస్తే మీ పత్రికకే రాయమని మనవి. గీత పూర్తి చేసి మళ్లీ పంపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మోరంపూడి, రాజమహేంద్రవరం